ఒకే మట్టి, ఒకే వాలు: ఒకసారి పాకింది, ఒకసారి పరిగెత్తింది. ఎందుకు?

(ఎపిసోడ్‌లో మాట్లాడిందే ఇక్కడ రాతలో ఇస్తున్నాం. చదవడానికి వీలుగా అక్కడక్కడా సర్దాం.)

ఈరోజు టాపిక్ మట్టి. "మట్టి గురించి వీడియో ఏంటి బ్రో" అని స్క్రోల్ చేసేయకండి, ఒక్క రెండు నిమిషాలు ఆగండి. ముందు నా ఫోన్‌లో ఉన్న ఒక ఫొటో గురించి చెప్తాను.

నేను జాబ్ చేస్తున్న రోజుల్లో హైదరాబాద్‌లో మా హాస్టల్ పక్కన ఒక అపార్ట్‌మెంట్‌కి సెల్లార్ తవ్వుతున్నారు. పెద్ద గుంత, పక్కలు నిలువుగా గోడల్లా కోసేశారు. ఒకరోజు పొద్దున ఆఫీస్‌కి వెళ్తుంటే గుంత అంచుకి ఓ మీటరు దూరంలో నేల మీద సన్నగా ఒక చీలిక కనపడింది. వేలు పట్టేంత. ఫొటో తీసి స్టోరీ పెట్టాను, నవ్వుతున్న ఎమోజీతో. మర్నాడు ఇంకొంచెం పెరిగింది. మూడో రోజుకి అరచెయ్యి పట్టేంత అయింది. అక్కడున్న వాచ్‌మన్‌ని అడిగితే, "ఏం కాదు సార్, మూడు దినాల సంది అట్లనే ఉంది, మెల్లగ జరుగుతున్నది" అన్నాడు. నాకూ అది నిజమే అనిపించింది. మెల్లగా జరిగేది మెల్లగానే జరుగుతుంది కదా!

ఆ రాత్రి వర్షం పడింది. నాలుగో రోజు సాయంత్రం టీ టైమ్‌లో ఆ పక్క మొత్తం కూలింది. పనివాళ్ళందరూ పైకొచ్చి టీ తాగుతున్నారు కాబట్టి సరిపోయింది. టిఫిన్ బాక్స్ మర్చిపోయానని ఒకతను కిందకి దిగాడు. నడుము దాకా మట్టిలో కూరుకుపోయాడు. బతికాడు, కాలు విరిగింది. చూసినవాళ్ళందరూ చెప్పింది ఒక్కటే మాట: "అటు తిరిగి ఇటు చూసేలోపు అయిపోయింది."

నాలుగు రోజులు పాకిన మట్టి ఒక్క సెకన్లో ఎలా పరిగెత్తింది? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. తర్వాత వెతుకుతుంటే, కొంతమంది సైంటిస్టులు ఈ ప్రశ్న కోసం ఏకంగా ఒక కొండవాలునే ల్యాబ్‌లా కట్టుకున్నారని తెలిసింది. ఆ కథే ఈ ఎపిసోడ్.

మూడు గ్లాసుల ఇసుక

ముందు ఇంట్లో చేసుకోగలిగే టెస్ట్. మూడు స్టీలు గ్లాసుల్లో ఇసుక తీసుకోండి. మొదటిది పొడి ఇసుక. రెండోదాంట్లో కొంచెం నీళ్ళు చల్లి తడి చెయ్యండి. మూడోదాంట్లో ఇసుక పూర్తిగా మునిగేదాకా నీళ్ళు పోయండి. ఇప్పుడు మూడూ పళ్ళెంలో బోర్లించండి.

పొడి ఇసుక కుప్పలా జారిపోతుంది. ఆ కుప్ప వాలు సుమారు 30 నుంచి 35 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఎంత పోసినా అంతకంటే నిటారుగా నిలవదు. రెండోది, అంటే తడి ఇసుక, గ్లాసు ఆకారంలో నిటారుగా నిలబడుతుంది. బీచ్‌లో పిల్లలు కట్టే ఇసుక గూడు ఇదే. మూడోది పడీపడగానే చదునుగా పరుచుకుపోతుంది.

తడి ఇసుక ఎందుకు నిలబడింది? గింజకీ గింజకీ మధ్య చిన్న నీటి వంతెనలు ఏర్పడతాయి. నీటికి ఉండే తలతన్యత, స్కూల్లో చదువుకున్నదే, ఆ గింజల్ని ఒకదానివైపు ఒకటి లాగి పట్టుకుంటుంది. అయితే ఈ పట్టుకి గాలి కూడా ఉండాలి. ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వంతెనలు ఉండవు, పట్టూ ఉండదు.

మా హాస్టల్ పక్కన నిలువు గోడ అన్ని రోజులు నిలబడటంలో ఈ కొంచెం తడిదే పెద్ద పాత్ర. రాత్రి వాన లోపలికి దిగేసరికి మట్టి బరువు పెరిగింది, పట్టు తగ్గింది. చీలికలోకి చేరిన నీళ్ళు పక్కకి తోస్తాయి కూడా. అంటే ఆ గోడ "నిలబడగలను" అని ప్రూవ్ చేసుకోలేదు. అప్పటిదాకా ఉన్న తడి దాన్ని నిలబెట్టింది, అంతే.

నీళ్ళు చేసేది సబ్బు పని కాదు

ఇప్పుడు గుంత వదిలేసి కొండ దగ్గరికి వెళ్దాం. వానకి కొండచరియ జారిందని న్యూస్‌లో చూసినప్పుడు మనం ఏమనుకుంటాం? నీళ్ళు మట్టిని జారుడుగా చేశాయి, సబ్బు నీళ్ళు పడ్డ బాత్రూమ్ గచ్చులాగా. నేనూ అలాగే అనుకున్నాను. అసలు విషయం వేరే.

గోదావరిలో స్నానానికి దిగిన అనుభవం ఉంటే గుర్తుచేసుకోండి. మోకాలి లోతులో కాళ్ళు గట్టిగా ఆనతాయి. ఛాతీ లోతుకి వెళ్ళేసరికి కాళ్ళు నేల మీద తేలిపోతున్నట్టు ఉంటుంది, పక్కనుంచి ఎవరైనా చిన్నగా తోసినా జరిగిపోతాం. కింద నేల మారలేదు. మన బరువులో చాలా భాగం నీళ్ళు మోస్తున్నాయి కాబట్టి పాదం నేలని గట్టిగా నొక్కట్లేదు. నొక్కుడు లేకపోతే రాపిడి లేదు, రాపిడి లేకపోతే పట్టు లేదు.

మట్టి లోపల గింజల పరిస్థితి కూడా ఇదే. పైన ఉన్న మట్టి బరువు 100 కేజీలు అనుకోండి, లెక్క కోసం. ఖాళీల్లో ఉన్న నీళ్ళ ప్రెషర్ అందులో 40 మోస్తే, గింజలు ఒకదాన్నొకటి నొక్కుకునేది 60కే. నీళ్ళు 95 మోస్తే మిగిలేది 5. నీళ్ళు మొత్తం మోసేస్తే గింజల మధ్య పట్టు సున్నా. అప్పుడది మట్టి కాదు, చిక్కటి ద్రవం. దీన్నే లిక్విఫాక్షన్ అంటారు. మట్టి బలం గింజల మధ్య మిగిలిన నొక్కుడు మీదే ఆధారపడుతుంది అన్న ఈ ఆలోచనని ఒక సైన్స్‌గా నిలబెట్టింది కార్ల్ టెర్జాగీ అనే ఇంజనీర్. 1925లో ఆయన రాసిన పుస్తకంతోనే సాయిల్ మెకానిక్స్ అనే సబ్జెక్ట్ మొదలైందని చెప్తారు. మన సివిల్ బ్రాంచ్ ఫ్రెండ్స్‌ని అడగండి, ఈ పేరు వినగానే పాత ఇంటర్నల్స్ గుర్తొస్తాయి.

సరే, నీళ్ళ ప్రెషర్ పెరిగితే మట్టి జారుతుంది. ఇంతవరకూ ఓకే. మరి కొన్నిసార్లు పాకడం, కొన్నిసార్లు పరిగెత్తడం ఎందుకు?

నాన్నమ్మ కుంచం

మాది గోదావరి జిల్లా. చిన్నప్పుడు బియ్యం కుంచంతో కొలిచేవాళ్ళు. అమ్మేవాడు పైనుంచి మెల్లగా పోసి, కుంచం నిండగానే ఎత్తేసేవాడు. మా నాన్నమ్మ ఊరుకునేది కాదు. "కుదిపి పొయ్యి నాయనా" అనేది. కుంచాన్ని నేలకేసి నాలుగుసార్లు తడితే బియ్యం కిందకి దిగి, ఇంకో గుప్పెడు పట్టేవి.

అవే బియ్యం, అదే కుంచం. తేడా గింజల మధ్య ఖాళీలో ఉంది. మొత్తం ఘనపరిమాణంలో ఖాళీల వాటాని పోరాసిటీ అంటారు. సగం ఖాళీ అయితే 0.5. పదిలో నాలుగు వంతులు ఖాళీ అయితే 0.4. ఈ రెండు నంబర్లు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

ఇప్పుడు కుదపని కుంచాన్ని పక్కకి తోశాం అనుకోండి. గింజలు సర్దుకుని కిందకి దిగుతాయి, ఖాళీ తగ్గుతుంది. కుదిపిన కుంచంలో గింజలు ఇప్పటికే ఒకదాని సందులో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. అవి కదలాలంటే పక్కదాని మీదకి ఎక్కి దాటాలి. అంటే మొత్తం కొంచెం ఉబ్బాలి, ఖాళీ పెరగాలి.

గట్టిగా సర్దుకున్న ఇసుక కదిలితే ఉబ్బుతుంది అనేది మొదట వింటే నమ్మబుద్ధి కాదు. 1885లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే బ్రిటిష్ సైంటిస్ట్ దీని గురించి రాశాడు. గింజలూ నీళ్ళూ నింపిన రబ్బరు సంచిని నొక్కి జనానికి చూపించాడు. నొక్కితే నీళ్ళు పైకి ఉబకాలి కదా, లోపలికి దిగిపోయాయి! వైజాగ్ ఆర్కే బీచ్‌కి వెళ్తే మీరూ చూడొచ్చు. అల వెనక్కి వెళ్ళిన తర్వాత తడి ఇసుక మీద కాలు గట్టిగా ఆనించండి. పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం పొడిగా, తెల్లగా మారుతుంది. మీ బరువుకి గింజలు కదిలాయి, ఖాళీ పెరిగింది, పైన ఉన్న నీళ్ళు ఆ ఖాళీలోకి దిగిపోయాయి.

ఇప్పుడు రెండు పాయింట్లు కలపండి. నీళ్ళు నిండిన వదులు మట్టి కదిలితే ఖాళీ తగ్గుతుంది, అందులోని నీళ్ళకి బయటికి పోయే టైమ్ ఉండదు, ప్రెషర్ పెరుగుతుంది. నీళ్ళు నిండిన గట్టి మట్టి కదిలితే ఖాళీ పెరుగుతుంది, నీళ్ళు లోపలికి పీల్చుకోవాల్సి వస్తుంది, ప్రెషర్ పడిపోతుంది. ఈ రెండిటి మధ్య ఎక్కడో ఒక గీత ఉంటుంది. ఆ గీత గురించి ఆర్థర్ కాసగ్రాండే 1936లోనే రాశాడు. కానీ అసలు కొండవాలు మీద, అసలు సైజులో ఆ గీతకి అటూ ఇటూ ఏం జరుగుతుందో కళ్ళారా చూడాలంటే?

ఓరెగాన్ అడవిలో కాంక్రీట్ జారుడుబండ

1980 మే 18న అమెరికాలో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలింది. పేలుడుతో పాటు కొండ ఉత్తరం పక్క మొత్తం జారిపోయింది. రికార్డుల్లో ఉన్న కొండచరియల్లో భూమి మీద అదే అతి పెద్దది. ఆ తర్వాత అమెరికా జియోలాజికల్ సర్వే అక్కడ ఒక అగ్నిపర్వత అబ్జర్వేటరీ పెట్టింది. 1985 నవంబర్‌లో కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతం నుంచి దిగిన బురద ప్రవాహం ఆర్మెరో అనే ఊరిని ముంచేసింది. 20 వేల మందికి పైగా చనిపోయారు. లావా కాదు, బురద. రాళ్ళు, మట్టి, నీళ్ళు కలిసి ప్రవహిస్తే ఎంత దూరం వెళ్తుంది, ఎందుకు ఆగదు అన్నది చావుబతుకుల ప్రశ్న అయిపోయింది.

దాంతో 1991లో ఓరెగాన్ రాష్ట్రంలోని హెచ్ జే ఆండ్రూస్ ప్రయోగాత్మక అడవిలో కొండవాలు మీద ఒక కాంక్రీట్ కాలువ కట్టారు. పొడవు 95 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, లోతు 1.2 మీటర్లు. వాలు 31 డిగ్రీలు, అంటే నిజంగా ఇలాంటి ప్రవాహాలు మొదలయ్యే కొండల వాలు ఎంతో అంత. పైన స్టీలు గేటు వెనక 20 ఘనపు మీటర్ల తడి మట్టీ కంకరా నింపి ఒక్కసారిగా వదులుతారు. అది కాలువ అడుగున ఉన్న సెన్సార్ల మీదుగా దూసుకెళ్తుంది. కింద చదును నేల మీద పరుచుకుంటే ఎంత దూరం వెళ్ళిందో కొలుస్తారు.

"చిన్న టబ్బులో చేసుకోవచ్చు కదా, అంత పెద్దది ఎందుకు?" అని నాకూ డౌట్ వచ్చింది. కారణం మళ్ళీ నీళ్ళ ప్రెషరే. మట్టి పొర ఎంత మందంగా ఉంటే, లోపలి ప్రెషర్ బయటికి పోవడానికి అంత టైమ్ పడుతుంది. ఆ టైమ్ మందానికి వర్గంగా పెరుగుతుంది. అంటే మందం పదో వంతుకి తగ్గిస్తే, ప్రెషర్ నూరో వంతు టైమ్‌లోనే పోతుంది. టబ్బులో చేసిన బొమ్మ కొండలో ప్రెషర్ నిలబడేలోపే ఖాళీ అయిపోతుంది, ప్రవాహం అక్కడే ఆగిపోతుంది. టబ్బు చూసి "పర్లేదు" అనుకుంటే మోసపోతాం. ఇంకో దారి ఏంటంటే, చిన్న మోడల్‌ని సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పడం. గిరగిరా తిప్పితే బరువు ఎన్నో రెట్లు పెరిగి, చిన్న మట్టి పెద్ద కొండలా ప్రవర్తిస్తుంది. ఐఐటీ బాంబేలో 4.5 మీటర్ల వ్యాసార్ధం ఉన్న పెద్ద సెంట్రిఫ్యూజ్ ఉంది, అక్కడ వాలులు, కట్టలు ఇలాగే టెస్ట్ చేస్తారు.

0.5 వర్సెస్ 0.4

ఇప్పుడు అసలు ప్రయోగం. రిచర్డ్ ఐవర్సన్, ఆయన టీమ్ చేశారు. 2000లో సైన్స్ జర్నల్‌లో వచ్చింది.

ఆ కాలువ పైభాగంలో 65 సెంటీమీటర్ల మందంతో 6 ఘనపు మీటర్ల ఇసుక మట్టి పరిచారు. కింద అడ్డంగా గోడ. తర్వాత నీళ్ళు పెట్టి, మట్టి లోపల ప్రెషర్ మెల్లగా పెంచుకుంటూ పోయారు, అది తనంతట తాను జారేదాకా. ఈ ప్రయోగం మళ్ళీ మళ్ళీ చేశారు. మట్టి అదే, వాలు అదే, కాలువ అదే. మార్చింది ఒక్కటే: మట్టిని ఎలా పరిచారు అన్నది. కొన్నిసార్లు తొక్కకుండా వదులుగా, కొన్నిసార్లు పొరలు పొరలుగా వేసి గట్టిపరిచి. నాన్నమ్మ భాషలో చెప్పాలంటే కుదపని కుంచం, కుదిపిన కుంచం.

వదులు మట్టి, పోరాసిటీ సుమారు 0.5. కదలడం మొదలైన ఒక్క సెకన్లో స్పీడ్ సెకనుకి 1 మీటరు దాటింది. లోపల నీళ్ళ ప్రెషర్ ఎగిరింది, మట్టి సగం ద్రవంలా మారి దూకేసింది.

గట్టి మట్టి, సుమారు 0.4. ఇదీ జారింది. కానీ ఆగుతూ ఆగుతూ, సగటున సెకనుకి 2 మిల్లీమీటర్ల స్పీడ్‌తో. కాస్త జరగడం, ప్రెషర్ పడిపోవడం, మట్టి బిగుసుకోవడం. మళ్ళీ నీళ్ళు చేరి ప్రెషర్ పెరగ్గానే ఇంకాస్త జరగడం.

సెకనుకి 1 మీటరు, సెకనుకి 2 మిల్లీమీటర్లు. 500 రెట్లు తేడా. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉన్న తడి మట్టి కుప్పలు.

కోడ్ రాసేవాళ్ళకి ఇది చూడగానే ఒకటి తడుతుంది. ఇక్కడ అవుట్‌పుట్ మళ్ళీ ఇన్‌పుట్‌కి వెళ్తోంది. వదులు మట్టిలో కదలిక ప్రెషర్‌ని పెంచుతుంది, ప్రెషర్ పట్టుని తగ్గిస్తుంది, పట్టు తగ్గితే ఇంకా కదులుతుంది. కాలు తీయలేని యాక్సిలరేటర్. గట్టి మట్టిలో కదలికే ప్రెషర్‌ని తగ్గించి బ్రేక్ వేస్తుంది. ఒక కండిషన్‌లో చిన్న నంబర్ మారితే ప్రోగ్రామ్ పూర్తిగా వేరే బ్రాంచ్‌లోకి వెళ్ళిపోయినట్టు.

తడి దారిలో ఇంకా బలం

అదే కాలువలో ఇంకో ప్రయోగం 2011లో నేచర్ జియోసైన్స్‌లో వచ్చింది. ఈసారి కాలువ అడుగున ముందుగానే ఒక మట్టి పొర పరిచి, పైనుంచి ప్రవాహాన్ని వదిలారు. అడుగు మట్టి బాగా తడిగా ఉన్నప్పుడు ప్రవాహం దాన్ని కూడా లాక్కుని, ఇంకా ఊపుతో, ఇంకా స్పీడ్‌గా వెళ్ళింది. పైనుంచి పడ్డ బరువుకి తడి పొరలో ప్రెషర్ పెరిగి, అది సులువుగా ఊడి వచ్చేసింది. దారి అంతగా తడవకపోతే మట్టిని లాక్కునే పని ప్రవాహానికి భారమై నెమ్మదించింది.

అంటే కొండ పైన ఎంత మట్టి జారింది అన్నది ఒక్కటే లెక్క కాదు. వారం రోజులుగా వాన పడి నానిన వాగు దారిలో ఉంటే, పైన చిన్నగా మొదలైంది కింద ఊరికి చేరేసరికి చాలా పెద్దదై ఉండొచ్చు.

2024 జులై 30 తెల్లవారుజామున వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్ళ మీద పడింది ఇలాంటి రాళ్ళూ బురద ప్రవాహమే. 250 మందికి పైగా చనిపోయారు. మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇస్రో సంస్థ, నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్, ఉపగ్రహ చిత్రాలతో దాన్ని కొలిచింది. పైన జారిన ప్రాంతం 86 వేల చదరపు మీటర్లు. అక్కడినుంచి నది వెంట ప్రవాహం వెళ్ళిన దూరం దాదాపు 8 కిలోమీటర్లు. అదే చోట పాత కొండచరియ గుర్తులు కూడా ముందే ఉన్నాయి. నిద్రలో ఉన్న మనిషికి, ఎనిమిది కిలోమీటర్ల పొడవునా ఎక్కడ ఉన్నా, కొండ పైన ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది?

అదే కొండ, రెండుసార్లు

ల్యాబ్‌లో 0.5, 0.4 సరే, బయట నిజంగా ఇలా జరుగుతుందా? అమెరికాలోనే వాషింగ్టన్ రాష్ట్రంలో ఓసో అనే చోటు ఉంది. అక్కడ నది ఒడ్డున ఒక వాలు ఎన్నో ఏళ్ళుగా అప్పుడప్పుడూ జారుతూనే ఉంది. 2006 జనవరిలో జారినప్పుడు నదికి అడ్డం పడింది, అక్కడితో ఆగింది. ఎవరూ చనిపోలేదు. అవతల ఇళ్ళల్లో జనం అలాగే ఉండిపోయారు.

2014 మార్చి 22న అదే వాలు మళ్ళీ జారింది. ఈసారి దాదాపు 80 లక్షల ఘనపు మీటర్ల మట్టి. నది దాటి, అవతల ఉన్న చదును నేల మీద సుమారు కిలోమీటరు దూరం ద్రవంలా పరిగెత్తింది. 43 మంది చనిపోయారు. ఐవర్సన్ టీమ్ కంప్యూటర్‌లో ఆ ఘటనని మళ్ళీ నడిపించి చూసింది. మొదట్లో మట్టి పరిస్థితి కొంచెం తేడాగా ఉంటే నష్టం చాలా తక్కువగా ఉండేదని తేలింది. కొండ అదే, కథ వేరేలా ముగిసేది.

"ఇది ఎప్పుడూ జారేదే, మెల్లగానే జారుతుంది" అన్న మాట ఎంత ప్రమాదమో ఇక్కడ చూడండి. వాచ్‌మన్ అన్నదీ, నేను నమ్మిందీ అదే మాట. మా గుంత గోడ కూలిన తీరు, ఓసో కొండ జారిన తీరు ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ రెండుచోట్లా మనుషులు నిన్నటి స్పీడ్ చూసి రేపటి స్పీడ్ ఊహించారు. మట్టి లోపల నంబర్ పైకి కనపడదు.

మరి మనం ఏం చెయ్యగలం?

కొండ మొత్తం పోరాసిటీ కొలవడం ఎవరివల్లా కాదు. అడుగడుక్కీ మారుతుంది. కానీ ఈ ప్రయోగాలు మనకి కొన్ని పనికొచ్చే విషయాలు చెప్పాయి.

ఒకటి. టిప్పర్లతో తెచ్చి పోసేసి, తొక్కించకుండా వదిలేసిన మట్టిని నమ్మొద్దు. అది కుదపని కుంచం. 1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గు గని వ్యర్థాల గుట్ట జారి స్కూలు మీద పడింది. 144 మంది చనిపోయారు, వాళ్ళలో 116 మంది పిల్లలు. కొండ మీద నీటి ఊట ఉన్న చోటే ఆ వ్యర్థాలన్నీ వదులుగా పోసుకుంటూ పోయారు. వదులు, నీళ్ళు, వాలు, మూడూ ఒకేచోట. మన చెరువు కట్టలకి పొరలు పొరలుగా మట్టి వేసి, తడిపి, దిమ్మిసతోనో రోలర్‌తోనో ఎందుకు తొక్కిస్తారో ఇప్పుడు అర్థమైంది కదా. రోలర్ చేసేది మట్టిని గీతకి ఇవతలకి, బ్రేక్ ఉన్న వైపుకి తేవడం.

రెండు. ఘాట్ రోడ్ల పక్కన మట్టిని ఆపే గోడల్లో వరసగా చిన్న పైపులు కనపడతాయి. వెనక మట్టిలో నీళ్ళు బయటికి పోవడానికి పెట్టినవి. మీ ఇంటి వెనక అలాంటి గోడ ఉంటే, మురికి కారుతోందని వాటిని సిమెంట్‌తో మూసేయకండి. నీళ్ళు పోకపోతే ప్రెషర్ గోడ మీదే పడుతుంది.

మూడు. నేల మీద కొత్త చీలికలు, వంగుతున్న కరెంట్ స్తంభాలు, ఉన్నట్టుండి పట్టేస్తున్న తలుపులు, పొడి నేలలో కొత్తగా ఊటలు, వాన పడుతున్నా వాగులో నీళ్ళు హఠాత్తుగా తగ్గడం లేదా బురదగా మారడం. కొండ ప్రాంతంలో ఇవి కనపడితే ఫొటో తర్వాత, ముందు అక్కడినుంచి కదలండి. వాగు వెంట కిందకి పరిగెత్తొద్దు, వాగుకి పక్కగా, ఎత్తుకి వెళ్ళండి. తర్వాత 112కి కాల్ చెయ్యండి.

నాలుగు. నిలువుగా కోసిన గుంతలో, పక్కలకి ఆధారం పెట్టకుండా ఎవర్నీ దిగనివ్వొద్దు. ఒక ఘనపు మీటరు తడి మట్టి బరువు సుమారు రెండు టన్నులు, అంటే ఒక మామూలు కారుకంటే ఎక్కువ. ఛాతీ దాకా కూరుకుపోయినవాడికి ముక్కు బయటే ఉన్నా ఊపిరి ఆడదు.

ఐదు. 2024 జులైలో జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కోల్‌కతాలో జాతీయ కొండచరియల ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలుపెట్టింది, భూస్ఖలన్ అనే మొబైల్ యాప్ కూడా తెచ్చింది. ఊటీ, మున్నార్, అరకు అని వానాకాలం ట్రిప్ ప్లాన్ చేసేవాళ్ళు రీల్స్ యాప్‌ల పక్కన దీనికీ కొంచెం చోటివ్వండి.

చివరిగా ఆ ఫొటో. ఇంకా డిలీట్ చెయ్యలేదు. ఆ మూడు రోజుల్లో నేను సైట్ సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. వింటాడో లేదో తెలీదు, కానీ చెప్పి ఉండొచ్చు. నాకప్పుడు అది కంటెంట్ లాగే కనపడింది. ఇప్పుడు ఏ గుంత అంచున చీలిక చూసినా ఫోన్ జేబులో పెట్టి, ముందు కింద ఎవరున్నారో చూస్తున్నాను. పోయిన నెల ఒకచోట చెప్పాను కూడా. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఇంజనీరా బాబూ?" అన్నాడు. "సాఫ్ట్‌వేర్ అండీ" అన్నాను. నవ్వాడు. కానీ కిందున్న ఇద్దర్నీ పైకి పిలిచాడు.

మీ ఊళ్ళో ఇలా జారిన కొండ, కూలిన గుంత, తెగిన చెరువు కట్ట గురించి తెలిస్తే కామెంట్స్‌లో రాయండి, ముఖ్యంగా అంతకుముందు ఏం కనపడింది అన్నది. ఈ ఎపిసోడ్‌ని బిల్డింగ్ పనికి వెళ్ళే మీవాళ్ళు ఎవరైనా ఉంటే పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.